సున్నము త్రాగిన రేడియేటరు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు బాట సుమారు 200 కిలోమీటర్లు. ఎండకాలమున ఆ బాటపై పాత కారులో పోయినవారికి ఒక దృశ్యము సుపరిచితము. చెట్టు నీడన కారు నిలిచియుండును, బానెట్టు తెరచియుండును, ఆవిరి బుసలు కొట్టుచుండును, డ్రైవరు బిందె పట్టుకొని బోరింగు వైపు పరుగెత్తుచుండును. ఆ బిందెడు నీటితో కారు మరల కదలును. అయితే ఆ నీరే దానికి రోగమని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

మా మిత్రబృందములో ఒకరి ఇంట 1982 నాటి అంబాసడరు కలదు. బెంగాలులోని ఉత్తరపారాలో ఆ కారుల తయారీ 2014లో ఆగిపోయినది. పది కిలోమీటర్లు పోకముందే నీరు మరుగుచుండుటచే ఇంటి పెద్దాయన విసిగి, దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయ నిశ్చయించిరి. రేడియేటరు విప్పి చూచువరకు ఆగుడని మేము వారిని ఒక వారము గడువు కోరితిమి.

విప్పుట కష్టమైన పని కాదు, కాని తొందర పనికిరాదు. మొదట ఇంజను పూర్తిగా చల్లారవలెను. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపియుంచును. చదరపు అంగుళమునకు ఒక పౌను ఒత్తిడి హెచ్చినచో నీటి మరుగుస్థానము దాదాపు ఒకటిన్నర డిగ్రీల సెంటీగ్రేడు హెచ్చును. వేడి మీద మూత తీసినచో ఆ ఒత్తిడి తొలగి, అంతవరకు మరుగక నిలిచిన నీరు ఒక్కుమ్మడిగా మరిగి పైకి చిమ్మును. మాలో ఒకరి ముంజేతిపై ఈ పాఠము మచ్చగా నేటికిని ఉన్నది.

బ్యాటరీ తీగ తీసి, అడుగు కుళాయి విప్పి, నీటిని పళ్ళెములోనికి దింపితిమి. కొందరు నీటిలో కూలెంటు కలుపుదురు. అందలి ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. కుక్కలు, పిల్లులు నాకి మరణించును గనుక దానిని వీధి కాలువలో పారబోయరాదు. పిదప పై గొట్టమును, క్రింది గొట్టమును ఊడదీసి, ప్రక్క బోల్టులు విప్పి, ఫ్యాను రెక్కలు తగులకుండ నడుమ అట్టముక్క అడ్డుపెట్టి, రేడియేటరును నిట్టనిలువుగా పైకి లేపితిమి.

పాతబస్తీలోని ఒక చిన్న దుకాణమున రేడియేటరు పనిచేయు వృద్ధుడు కలరు. అందరును ఆయనను ఉస్తాద్ అందురు. ఆయన పై ట్యాంకులో చెంబెడు నీరు పోసి, అడుగున చేయి పట్టిరి. ధారగా రావలసిన నీరు బొట్లుబొట్లుగా వచ్చినది. ట్యాంకు అంచున మంట చూపి టంకము కరగించి మూత లేపగానే, పంటి గారవలె తెల్లని పెచ్చులు గొట్టముల నోళ్ళను మూసియుండుట కనబడినది. “ఇది నీళ్ళు తాగల్యా సార్, సున్నం తాగింది” అని ఉస్తాద్ నవ్విరి.

ఆ మాటలో రసాయనశాస్త్రమంతయు ఉన్నది. బేతంచెర్ల మొదలు ఎర్రగుంట్ల వరకు మన నేల క్రింద ఎంతో మేర ఉన్నది సున్నపురాయి. మన ఇండ్లలో పరచు నాపరాళ్ళు అదియే, సిమెంటు కర్మాగారములకు ముడిసరుకును అదియే. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కరగించుకొని, ఆ రాతిని కొంచెము కొంచెముగా కరగించి కాల్షియం బైకార్బొనేటుగా మోసికొనిపోవును. కొలిమిగుండ్ల సమీపమున బెలుం గుహలు ఏర్పడినది ఇట్లే. గుహలో నీటిబొట్టు నుండి ఆ వాయువు మెల్లగా వెడలిపోగా సున్నము తిరిగి రాయియై వ్రేలాడును. అక్కడ వేల ఏండ్లు పట్టు పనిని ఇంజను వేడి కొన్ని వేసవులలో ముగించును. రేడియేటరు గొట్టములలో మేము చూచినది బెలుం గుహకు తోబుట్టువు.

ఒక చిన్న లెక్క వేయుదము. త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేరు నీరు లేనిచో 600 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణములు చెప్పుచున్నవి. ఒక బోరు నీటిలో 500 ఉన్నదనుకొందము. ఎనిమిది లీటర్లు ఒక్కసారి నింపి మూసినచో లోనికి పోవునది నాలుగు గ్రాములే. కాని కారుచున్న రేడియేటరునకు దినమునకు రెండు లీటర్లు పోయుచున్నచో, దినమునకు ఒక గ్రాము చొప్పున ఏడాదికి 365 గ్రాములు పోవును. అందు సగము పేరుకొన్నను చాలును. రాగి ఉష్ణవాహకతలో నూరవ వంతైనను ఆ పెచ్చునకు లేదు. కావున అసలు దోషము గట్టి నీటిది మాత్రమే కాదు, కారుటది. కారినకొలది పోయుదుము, పోసినకొలది పేరుకొనును, పేరుకొన్నకొలది మరుగును, మరిగినకొలది మరల పోయుదుము.

ఉస్తాద్ సన్నని చదును ఉక్కుబద్దను ఒక్కొక్క గొట్టములో దూర్చి పెచ్చులను దింపిరి. మిగిలినదానిని పలుచని ఆమ్లముతో కడిగి, వెంటనే చాకలిసోడా నీటితో ఆమ్లమును చంపిరి. ఆమ్లమును ఎక్కువసేపు ఉంచినచో ఇత్తడిలోని జింకును తినివేయును. కారుచున్న అతుకును మెరయువరకు గీకి, నవాసారము రుద్ది, ముందు పలుచగా తగరము పట్టించి, పిమ్మట టంకము పోసిరి. వంటపాత్రల కళాయి వంటిదే ఈ పూత. కళాయి అను మాట ఉర్దూ ద్వారా అరబ్బీ నుండి మనకు వచ్చినది. ఉర్దూలో టాంకా అనునదియు, తెలుగున మాటు వేయుట అనునదియు ఈ అతుకు పనినే. తగరము 232 డిగ్రీల వద్ద, సీసము 327 వద్ద కరుగును. రెండును కలిసిన మిశ్రమమో 183 వద్దనే మెత్తబడనారంభించును. రాగికి వేయి డిగ్రీలు దాటవలెను. ఈ అంతరము వలననే గొట్టము చెడకుండ అతుకు పడును. అయితే సీసపు ధూళియు, ఆమ్లపు పొగయు శరీరమునకు కీడు. ఉస్తాద్ పని ఆరుబయలున జరిగినను, చేతులు కడుగకయే టీ త్రాగుట చూచి మేము అడ్డు చెప్పక యుండలేకపోతిమి.

అదే దుకాణపు బల్లపై ఒక పాత విదేశీ కారు హీటర్ కోర్ పడియున్నది. చలిదేశపు కారులలో డాష్‌బోర్డు క్రింద ఉండు చిన్న రేడియేటరది. ఇంజను వేడినీరు దానిలో తిరుగగా, దాని మీదుగా వీచు గాలి కూర్చున్నవారిని వెచ్చచేయును. మన సీమలో దాని కుళాయి ఎన్నడును తెరువరు గనుక, నిలిచిన నీటిలో మడ్డి చేరి చిల్లి పడును. కాలి క్రింది చాప తడియుట, ముందు అద్దము లోపల మసకలు కట్టుట దాని గుర్తులు. మాటు వేయుట గంట పని, డాష్‌బోర్డు విప్పి దానిని వెలికి తీయుట దినమంతటి పని. అందుచేత చాలమంది దానిని వదలి రెండు గొట్టములను ఒకటిగా కలిపివేయుదురు. అది బాగున్నంతవరకు ఒక ఉపకారము కలదు. ఇంజను మరుగునపుడు హీటరు తెరచినచో కొంత వేడి అటు పోవును. మే మాసమున ఇంజను బ్రతుకును, మనుష్యులు ఉడుకుదురు.

చివరకు రేడియేటరు నోళ్ళు మూసి, నీటితొట్టిలో ముంచి, మెల్లగా గాలి ఎక్కించిరి. ఒక మూల బుడగలు లేచినవి. మరల మాటు వేసిరి. రెండవ మారు నీరు నిశ్చలముగా నిలిచినది. నేటి కారులకు అల్యూమినియపు రేడియేటరునకు ప్లాస్టిక్ ట్యాంకులు బిగించి వచ్చుచున్నవి. వానికి ఈ విధమున మాటు వేయుట సాధ్యము కాదు, మార్చివేయవలసినదే. ఉస్తాద్ కుమారులు ఈ పని నేర్వలేదు.

ఇంటికి తెచ్చిన పెచ్చులపై మేము నిమ్మరసము పిండితిమి. తెల్లని నురుగు బుసబుస పొంగినది. పెద్దాయన చాలసేపు దానిని చూచి, మేడపై వాననీరు పట్టుటకు రెండు డ్రమ్ములు పెట్టించిరి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు మన సీమలో ఒక రేడియేటరునకు ఒక్క మంచివాన చాలును. గత మే మాసమున వారు కడపకు తామే కారు నడుపుకొనిపోయిరి. దారిలో చాగలమర్రి వద్ద టీ కొరకు మాత్రము ఆగితిరట.