ట్రయల్‌లో చేరమంటున్నారు, ఏం చేయాలి?

క్యాన్సర్ మందుల ట్రయల్స్ గురించి ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. కొందరికి భయం, కొందరికి గంపెడాశ. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి నలుగురికి పనికొచ్చేవి ఏరాను. పేర్లు వేయలేదు.

ప్రశ్న (గుంటూరు): మా నాన్నగారికి 61 ఏళ్లు. గుట్కా అలవాటు ఉండేది. రెండేళ్ల కిందట దవడ క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు మెడలో మళ్లీ గడ్డలు కనబడ్డాయి. హైదరాబాద్‌లో డాక్టరు గారు ‘త్వరలో ఒక ట్రయల్ మొదలవుతుంది, పేరు ఇస్తారా’ అని అడిగారు. మా బాబాయి ‘మా అన్నయ్యేమన్నా ఎలుకా?’ అని గొడవ పడుతున్నాడు. సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇస్తారట కదా?

జవాబు: బాబాయి గారి అనుమానం తప్పని అనను. ఆ మాట డాక్టరు ముందే అడగమనండి. ఉత్తుత్తి మాత్రల సంగతి మాత్రం ఆయన విన్నట్టు ఉండదు. పనిచేసే వైద్యం ఉన్న జబ్బులో దాన్ని ఆపేసి వట్టి ప్లసీబో ఇవ్వడానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడదు. క్యాన్సర్ ట్రయల్స్‌లో మామూలుగా జరిగేది ఇదీ: ఒక గ్రూపుకి బయట అందరికీ ఇచ్చే వైద్యం, రెండో గ్రూపుకి దానితో పాటు కొత్త మందు, లేదా దాని బదులు కొత్త మందు. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుంది. డాక్టరు చేతిలో ఉండదు, మీ సిఫారసుతోనూ మారదు.

మీ నాన్నగారి లాంటి రోగులతోనే ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు చేసిన ట్రయల్ ఒకటి 2022లో వెలువడింది. తల, మెడ క్యాన్సర్ ముదిరిన లేదా తిరగబెట్టిన 151 మంది. అందరికీ మూడు రకాల నోటి మాత్రలు ఇచ్చారు: మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్. సగం మందికి అదనంగా మూడు వారాలకొకసారి నివోలుమాబ్ ఇంజెక్షన్, కేవలం 20 మిల్లీగ్రాములు. అసలు డోసు రెండు వారాలకు 240. లక్షల్లో ఖర్చయ్యే మందు కదా, పదో వంతు కూడా లేని డోసుతో పని జరుగుతుందా అన్నదే వాళ్ల ప్రశ్న. ఏడాది తర్వాత మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో నూటికి 16 మంది, ఇంజెక్షన్ కలిపినవాళ్లలో 43 మంది బతికి ఉన్నారు. తక్కువ మందు సరిపోతుందా అని మందు అమ్ముకునే కంపెనీ ఎందుకు అడుగుతుంది? మన ఆసుపత్రులు సొంతంగా చేసే ట్రయల్స్ మీద నాకు గౌరవం అందుకే. అయితే 43 అంటే మిగతా 57 మంది ఏడాది దాటలేదనే అర్థం. జబ్బు నయమైపోయిందని కాదు.

ఆ మాత్రల్లో మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందుల కోవలోది. అదే కోవకు చెందిన అమినోప్టెరిన్‌ని 1947 డిసెంబరులో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 16 మందిలో 10 మందికి కొన్నాళ్లు గుణం కనిపించింది, తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆ పిల్లల తర్వాత ఎన్నో ట్రయల్స్‌లో చేరిన వేల మంది పిల్లల వల్లే ఇవాళ ఆ జబ్బు చాలామంది పిల్లల్లో నయమవుతోంది.

ఇక మీరు అడగవలసినవి. ఇది ఎన్నో దశ ట్రయల్? మొదటి దశ అయితే చూసేది ముఖ్యంగా ఎంత డోసు శరీరం తట్టుకుంటుందనే. మేలు జరిగితే అదృష్టం. రెండో దశలో మందు పనిచేస్తున్న జాడ ఉందా అని చూస్తారు. మూడో దశలో ఇప్పటి వైద్యంతో పోల్చి తేలుస్తారు. ఇప్పటి వైద్యం గ్రూపులో పడితే నాన్నగారికి ఏం ఇస్తారు? చేరకపోయినా అదే దొరుకుతుందా? ఎన్నిసార్లు హైదరాబాద్ రావాలి, దారి ఖర్చులు ఇస్తారా, ఏ స్కానులు ఉచితం, ఏవి మన జేబులోంచి? ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ మీద జరుగుతున్న వైద్యానికి అడ్డం వస్తుందా? ఇవి నోటిమాటగా కాకుండా కాగితం మీద చూపించమనండి.

2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు మీ పక్షాన ఉన్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. ట్రయల్ వల్ల శాశ్వత నష్టమో ప్రాణనష్టమో అయితే 8 లక్షలు ప్రాతిపదికగా, వయసును, జబ్బు తీవ్రతను బట్టి లెక్కకట్టి పరిహారం ఇవ్వాలి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివారైతే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఏ రోజైనా ‘ఇక చాలు’ అని బయటికి రావచ్చు. దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ఒక కాపీ ఇంటికి తెచ్చుకుని, రాత్రి భోజనాలయ్యాక బాబాయి గారితో కూర్చుని చదవండి. ‘ఇప్పుడే సంతకం పెట్టండి, రేపటికి చోటు ఉండదు’ అని ఎవరైనా తొందరపెడితే లేచి వచ్చేయండి.

ఆ పత్రం మీద సీటీఆర్ఐ నంబరు ఉందేమో చూడండి. అది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే ట్రయల్స్ రిజిస్ట్రీ. 2009 జూన్ 15 నుంచి ట్రయల్ మొదలుపెట్టే ముందే అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ట్రయల్ ఎక్కడ జరుగుతుంది, ఎవరి డబ్బుతో, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది అన్నీ అక్కడ ఉంటాయి. నంబరు లేదంటే ఎందుకు లేదో అడగండి.

ప్రశ్న (ఖమ్మం): పాపకి 13 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయించమని డాక్టరమ్మ చెప్పారు. కానీ మా అక్క కూతురు అప్పట్లో హాస్టల్లో ఉండేది. ‘ఆ సూది మా మీద ట్రయల్ చేశారు, పిల్లలు చనిపోయారు’ అంటుంది. వేయించాలా వద్దా? ఒక డోసు చాలని కూడా అంటున్నారు.

జవాబు: మీ జిల్లా వాళ్లకు ఈ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. ఇది ట్రయల్ కాదు, టీకా ఎలా అందించాలో చూసే ప్రాజెక్టు మాత్రమే అని నిర్వాహకులు అన్నారు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం ఆ మాట ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. తల్లిదండ్రులు గూడెంలో ఉంటే పిల్ల తరఫున వార్డెన్ ‘సరే’ అన్నారన్నమాట. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని చెప్పింది. కారణాల్లో పురుగుమందు, పాముకాటు, నీళ్లలో మునగడం, మలేరియా ఉన్నాయి. మీ అక్క కూతురి కోపం న్యాయమైనదే, అయితే అది చేరాల్సింది ఆ సంతకాలు పెట్టించినవాళ్లకు, సీసాలోని మందుకు కాదు.

దీనికి తోక ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. ఇంచుమించు అదే కాలంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో వేరే ట్రయల్ నడుపుతుండేది, రెండు డోసులు మేలా మూడా అని. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా అందులో ఒక కేంద్రం. ఖమ్మం గొడవతో ప్రభుత్వం దాన్ని కూడా ఆపించింది. దాంతో దాదాపు 5 వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం మేర కాపాడిందని 2021లో తేలింది. కెన్యాలో విడిగా చేసిన ట్రయల్‌లోనూ దాదాపు అదే ఫలితం. 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక డోసు కూడా ఇవ్వవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఈ ఆధారాలతోనే.

పాపకి వేయించండి. మన పిల్లల డాక్టర్లు ఈ వయసుకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు రాయడం మామూలు. ప్రైవేటులో అయితే వాళ్లు చెప్పినట్టు చేయండి, ప్రభుత్వం వేసేదైతే ఎన్ని డోసులో పీహెచ్‌సీలో అడగండి. పుణె సీరం సంస్థ టీకా సెర్వావాక్ 2023 నుంచి మార్కెట్లో ఉంది. టీకా వేయించాం కదా అని పెద్దయ్యాక చేయించుకోవలసిన పరీక్షలు మానకూడదు. మీరు 30 దాటారు కాబట్టి మీ పరీక్ష కూడా వాయిదా వేయకండి.

ప్రశ్న (కరీంనగర్): క్యాన్సర్ మళ్లీ రాకుండా ముంబై టాటా వాళ్లు వంద రూపాయల మాత్ర కనిపెట్టారని, రష్యా ఉచితంగా క్యాన్సర్ వ్యాక్సిన్ ఇస్తోందని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: రెండూ మీరనుకున్నట్టు దొరకవు. మాత్ర వార్త 2024 ఫిబ్రవరిలో టీవీల్లో వచ్చింది. రెస్వెరట్రాల్, రాగి కలిపినది. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందా అన్నది ఎలుకల్లోనే చూశామని, మనుషుల్లో తేలడానికి ఐదేళ్లు పడుతుందని వాళ్లే చెప్పారు. ఫార్వర్డ్ అయినప్పుడు ఆ వాక్యమే రాలిపోయింది. రష్యా ప్రకటన 2024 డిసెంబరుది. అది జబ్బు రాకుండా వేసే టీకా కాదు. జబ్బు వచ్చాక ఆ ఒక్క మనిషి గడ్డను చూసి తయారుచేసే మందు. పెద్ద ట్రయల్‌లో రుజువైన సంగతి కాదు.

ఆ దారిలో అందరికంటే ముందున్నది మోడెర్నా, మెర్క్‌ల మందు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డ తీసేశాక, అందులో మారిపోయిన ప్రొటీన్లలోంచి 34 దాకా ఏరి, ఎంఆర్ఎన్ఏ సూదిగా చేస్తారు. 157 మందిలో చూస్తే, పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఒక్కటే వాడినవాళ్ల కంటే ఈ సూది కూడా కలిపినవాళ్లలో తిరగబెట్టడం లేదా మరణం ముప్పు 44 శాతం తగ్గింది. మూడో దశ 2023లో మొదలైంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా ఉన్నవాళ్లకు అది రాకుండానే వేయాలని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లంగ్‌వాక్స్ అనేది తయారుచేస్తున్నారు. మనం వేయించుకున్న కోవిషీల్డ్ పద్ధతే. అది ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

అత్తగారికి ఆపరేషన్ కాకపోతే ఒక మాట వినండి. టాటా వాళ్లదే, వంద రూపాయల లోపు ఖర్చయ్యే, ట్రయల్ పూర్తయిన వైద్యం ఒకటి ఉంది. 1,583 మంది మహిళలు, దేశంలో 11 కేంద్రాలు. ఆపరేషన్‌కు కాస్త ముందు ఒక గ్రూపుకి రొమ్ములో గడ్డ చుట్టూ లిడోకైన్ మత్తు సూది వేశారు, పళ్ల డాక్టరు వేస్తాడే, అదే రకం. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు సూది లేని గ్రూపులో 86.4 శాతం, వేసిన గ్రూపులో 90.1 శాతం. 2023లో ప్రచురించారు. ఇది ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరిగినట్టు లేదు! సర్జన్‌ని అడిగి చూడండి.

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా): మా అమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి తెల్లగా అయిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలు. మానమంటే వినదు. కనీసం విటమిన్ మాత్రలు వేస్తే క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

జవాబు: ఈ ప్రశ్నను ఇదివరకే అడిగి చూశారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు అడ్డపొగ తాగేవాళ్లకు ఏడాది పాటు విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చారు. చాలామందికి మచ్చలు తగ్గాయి. అయితే మచ్చ తగ్గడం, క్యాన్సర్ రాకపోవడం ఒకటి కాదు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో చేసిన ట్రయల్ 1994లో బయటికొచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది! క్యారెట్లో ఉండేదే కదా అనుకుని ఇచ్చారు. కాబట్టి అమ్మగారికి సొంతంగా మాత్రలు కొనకండి.

పనిచేసిందని మీ దగ్గరే తేలినది మాన్పించడమే. టాటా పరిశోధన సంస్థ వాళ్లు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి నచ్చజెప్పి చూశారు. మానినవాళ్లలో నోటి మచ్చలు తగ్గాయి. ఒక్కసారిగా మానలేకపోతే నిప్పు లోపల పెట్టడం ముందు మానిపించండి, తర్వాత చుట్టల లెక్క. ఇదంతా చూసుకుంటూ కూర్చోకుండా ఈ వారమే అంగిలి చూపించండి. గట్టిపడిన చోటు, మానని పుండు ఉంటే విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న (డాలస్): విజయవాడలో ఉన్న అమ్మకి అండాశయ క్యాన్సర్. విజిటర్ వీసా మీద ఇక్కడికి తెచ్చి ట్రయల్‌లో చేర్పించవచ్చా?

జవాబు: చట్టం అడ్డు చెప్పదు, లెక్కలే అడ్డు వస్తాయి. కొత్త మందు ఉచితమైనా మిగతా స్కానులు, రక్తపరీక్షలు, ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్సుకు వెళ్తాయి. విజిటర్ పాలసీలు ముందునుంచీ ఉన్న జబ్బును సాధారణంగా కలపవు. వీసా గడువు దాటినా పరీక్షలకు రావలసి ఉంటుంది. చాలా కంపెనీల ట్రయల్స్ ఒకేసారి పలు దేశాల్లో జరుగుతాయి. అమెరికా ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ ట్రయల్ పేజీలో భారతదేశ కేంద్రాలు ఉన్నాయేమో ముందు చూడండి. హైదరాబాద్ కనబడితే అమ్మ ఇల్లు కదలనక్కర్లేదు.

ప్రశ్న (విశాఖపట్నం): పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిపోయాయి. వయసు 58. మళ్లీ రాకుండా చేరదగ్గ ట్రయల్ ఏమైనా ఉందా?

జవాబు: అయిపోయిన ట్రయల్ ఒకటి మీకే పనికొస్తుంది. ముఖ్యంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో మీలాగే కీమో ముగిసిన 889 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒకరికి వ్యాయామం మంచిదని పుస్తకం ఇచ్చారు, రెండోవారికి శిక్షకుణ్ణి పెట్టి మూడేళ్లు చేయించారు. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు మొదటి గ్రూపులో 83 శాతం, రెండో దాంట్లో 90 శాతం. 2025 జూన్‌లో ప్రచురించారు. చేసిందల్లా వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావు గంట నుంచి గంట దాకా చెమట పట్టేలా నడిచినంత పని. బీచ్ రోడ్డు ఉండనే ఉంది. కానీ ఆ గ్రూపులో కీళ్ల, కండరాల నొప్పులు కాస్త ఎక్కువే వచ్చాయి, అందుకని మోకాళ్లు చూపించుకుని మొదలుపెట్టండి. వెంట ఇంట్లోవాళ్లనో స్నేహితుణ్ణో తీసుకెళ్లండి, పుస్తకం చదివిన గ్రూపులో చేరకుండా ఉంటారు.