రక్షకశక్తి తగ్గినప్పుడు వచ్చు అరుదైన రోగములు

మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరి, జీడి తోటలకు పేరుపొందినది. అచ్చటి కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములలో మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. దాని కారణ మింకను నిశ్చయముగా తేలలేదు. 2023లో పలాసయందు ఈ వ్యాధికొరకే ఒక పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు నేర్పడినవి.

వ్యాధి ముదిరినవారికి డయాలసిస్ గాని, మూత్రపిండమును మార్చుట గాని శరణ్యము. మన దేశమున ఈ మార్పిడి 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు మొదట సఫలమయ్యెను. అయితే క్రొత్త మూత్రపిండమును శరీరము పరాయిదానిగా నెంచి ఎదిరించును. ఆ యెదిరింపు నణచుటకై ప్రెడ్నిసొలోన్, టాక్రోలిమస్ మొదలగు మందులను నిత్యము సేవింపవలెను. ఇవి శరీరపు కావలివానినే జోకొట్టును. కనుక, ఇతరులకు సామాన్యముగా హాని చేయని సూక్ష్మజీవులును ఇట్టివారికి ప్రాణాంతకములు కావచ్చును. అందు మూడింటిని తెలిసికొందము.

మొదటిది నొకార్డియా. ఇది మట్టిలో నుండు బాక్టీరియా. ధూళితో ఊపిరితిత్తులలో ప్రవేశించి, ఒక్కొక్కప్పుడు మెదడునకును ప్రాకును. దగ్గు, జ్వరము, కృశించుట చూచి దీనిని క్షయ యని పొరపడుట కలదు.

రెండవది క్రిప్టోకాకస్. ఇది పావురముల రెట్టలు పడిన నేలలో పెరుగు శిలీంధ్రము. ఇది మెదడు పొరలను వాపజేయును. దినదినము హెచ్చు తలనొప్పి దాని ముఖ్యలక్షణము.

మూడవది స్ట్రాంగిలాయిడిస్ అను సన్నని పురుగు. మలముచే చెడిన తడినేలపై వట్టికాళ్లతో నడచువారి చర్మముగుండ జొరబడి, పేగులలో దశాబ్దములు గుట్టుగా నివసింపగలదు. స్టెరాయిడ్ మందులు పుచ్చుకొన్నప్పుడు విపరీతముగా వృద్ధిపొంది దేహమంతటను వ్యాపించును. బాల్యమున కాలికి సోకిన పురుగు నడివయస్సున ప్రాణము తీయవచ్చును. ముందుగా పరీక్షించి కనుగొన్నచో, ఐవర్‌మెక్టిన్ అను మందుతో నయమగును.

విద్యార్థులారా, మీ యింట ఇట్టి మందులు సేవించువారున్నచో ఈ మాటలు మరువకుడు. వారికి స్వల్పజ్వరమైనను స్వల్పముగా నెంచరాదు. ఆ దినమే వైద్యునికి చూపవలెను. తోటపని, పావురముల పెంపకము మొదలగునవి ఆయనకు దాచక చెప్పవలెను. మట్టిలో దిగునపుడు చెప్పులు తొడుగుకొనవలెను. భయపడి మందులను తమంతట మానరాదు. మానినచో అమర్చిన మూత్రపిండమే చెడును. ఇంట నొకరి జ్వరమును కనిపెట్టి చెప్పుటకు వైద్యవిద్య అక్కరలేదు. ప్రేమయు, శ్రద్ధయు చాలును.