తుపాను వెలిశాక ఇల్లు కట్టేదెవరు?



తుపాను వచ్చిందంటే నాలుగు రోజులు పేపర్ల నిండా అదే వార్త. పులిహోర పొట్లాలు, పాత దుప్పట్లు, నాయకుల పర్యటనలు, ఫొటోలు. పదో రోజుకు ఆ వార్త లోపలి పేజీకి పోతుంది, నెల తిరిగేసరికి అసలు కనపడదు. కూలిన ఇల్లు మాత్రం ఆ నెలకు కూడా కూలిపోయే ఉంటుంది. ఆ ఇంటిని మళ్లీ నిలబెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి మట్టి మోసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చర్చిల తరఫున వచ్చిన బృందాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఎట్లా పనిచేశారు, అందులో హాస్టల్ పిల్లలమైన మనం పట్టుకోవలసింది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నాము. ఇది రాస్తున్న మేమంతా ఈ హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లమే.

అహోబిలం కొండల కింద ఉండే మనకు సముద్రం ఎక్కడ, తుపాను ఎక్కడ అనుకోవద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే నల్లమల మీద వాన పడుతుంది. నల్లమల మీద వాన పడితే అహోబిలంలో భవనాశి, ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరు, నంద్యాల దగ్గర కుందూ పొంగుతాయి. 2007 జూన్‌లో నంద్యాల వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. 2019 సెప్టెంబరు కుండపోతకు మహానంది ఆలయ ప్రాంగణమే మునిగింది. వాగు పొంగినప్పుడు ముందుగా మునిగేది ఎవరి ఇళ్లో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాలనీకి ఇచ్చే స్థలం ఎప్పుడూ వాగు పక్కనో, చెరువు కిందనో, ఎవరికీ అక్కరలేని పల్లంలోనో ఉంటుంది. అందుకే ఇది మన పాఠం.

ఒక్క మాట పేర్ల గురించి. అట్లాంటిక్ సముద్రంలో పుట్టే పెద్ద తుపానును హరికేన్ అంటారు, చైనా, జపాన్ వైపు టైఫూన్ అంటారు, మన దగ్గర సైక్లోన్ అంటారు. మూడూ ఒకటే. పరీక్షల్లో ఇది బిట్టు ప్రశ్నగా వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

దివిసీమ

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమ మీదికి తుపానుతో పాటు ఉప్పెన వచ్చింది. సముద్రం దాదాపు మూడు నిలువుల ఎత్తున లేచి పల్లెల మీద పడింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు దాదాపు పది వేలు. నిజానికి అంతకంటే ఎక్కువే అని అక్కడివాళ్లు నేటికీ అంటారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు తీరంలో పూరి గుడిసెలన్నవి మిగలలేదు. అప్పటి విద్యాశాఖ మంత్రి మండలి వెంకటకృష్ణారావు గారు ఆ ప్రాంతం మనిషి. బాధితుల మధ్యనే ఉండి సహాయ పనులు నడిపించారు.

ఆ తర్వాత దేశదేశాల నుంచి సేవకులు వచ్చారు. చర్చిల తరఫున వచ్చిన వాటిలో కాసా అనే సంస్థను ముందుగా చెప్పాలి. చర్చిల సహాయక సంఘం అని దాని పేరుకు అర్థం. 1947లో దేశ విభజన కాందిశీకుల కోసం పుట్టిన సంస్థ అది. ఉప్పెన తర్వాత తీరం వెంట వాళ్లు తుపాను షెల్టర్లు కట్టారు. మామూలు రోజుల్లో అది బడి, ఊరి సమావేశాల గది. తుపాను రోజున ఊరంతా తలదాచుకునే చోటు. ఏటా వాడుకలో ఉంటే తప్ప కట్టడం నిలవదు అన్న తెలివి అందులో ఉంది. పదేళ్లకు ఒకసారి తాళం తీసే భవనానికి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు కదా! 1990 మేలో మళ్లీ అదే తీరానికి భయంకరమైన తుపాను వచ్చింది. ఈసారి ముందుగా హెచ్చరించి లక్షల మందిని తరలించారు. తలదాచుకోవడానికి షెల్టర్లూ ఉన్నాయి. మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఆ వెయ్యి కూడా తక్కువేమీ కాదు గానీ, పది వేలతో పోల్చి చూడండి.

దివిసీమలో చర్చిలే కాదు, రామకృష్ణ మిషన్ కట్టింది, ఆర్.ఎస్.ఎస్. వాళ్లు కట్టారు, ఇంకా ఎందరో కట్టారు. ఉప్పెన వచ్చేటప్పుడు ఎవరి మతమూ అడగలేదు. కట్టేవాళ్లు కూడా అడగకూడదు అన్నది మా అభిప్రాయం. ఇల్లు కట్టిచ్చి ఆ తర్వాత మా ప్రార్థనకు రండి, మా జెండా పట్టండి అంటే అది ఆ ఇంటికి అద్దె అడిగినట్టే.

ఊరంతా కట్టినవాళ్లు

దివిసీమకు ముందే, 1969లో, కోస్తా జిల్లాలను తుపాను దెబ్బతీసింది. అప్పుడు బెల్జియం దేశానికి చెందిన మైకేల్ విండీ అనే జెస్యూట్ ఫాదర్ ఇక్కడ పనికి దిగారు. ఆ పని నుంచే గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణ సంస్థ తయారైంది. వి.ఆర్.ఓ. అంటే అక్కడివాళ్లకు తెలుస్తుంది. మనకు వి.ఆర్.ఓ. అంటే గ్రామ రెవెన్యూ అధికారి కాబట్టి, చదివేటప్పుడు పొరబడవద్దు. విండీ గారు 2009లో చనిపోయేనాటికి ఆ సంస్థ వందల పల్లెలను కట్టింది.

వాళ్ల పద్ధతిలో మాకు నచ్చినది ఒకటి ఉంది. ఇల్లు కాదు, ఊరు కట్టాలి అనేవారు. నలభై కుటుంబాలుంటే నలభై ఇళ్లూ ఒకేసారి లేచేవి. మధ్యలో అందరూ కూర్చునే చోటు, చిన్నపిల్లల బడి, చెట్లు ఉండాలి. ఇంటివాళ్లే కూలీలు. బయటి నుంచి వచ్చిన యువకులు వాళ్లకు తోడు. ఎవరి గోడ వాళ్లు కట్టుకుంటే ముందు ఎవరిదైతుందన్న పోటీ వస్తుంది. ఊరంతా కలిసి కడితే ముసలవ్వ ఇల్లు కూడా అందరితో పాటే లేస్తుంది. కట్టే చేతులు లేని ఇంటికి ఇదే ఆధారం.

అమెరికాలో ఇంకో తరహా. అక్కడ మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1950లో విపత్తు సేవా సంఘం ఒకటి పెట్టుకున్నారు. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు ఇటువంటి చర్చి బృందాలు ఎన్నో వెళ్లాయి. ఉద్యోగస్తులు వారం సెలవు పెట్టి వచ్చి పనిచేసి వెళ్లేవారు. ఒక బృందం బూజు పట్టిన గోడ పలకలు ఊడదీస్తే, మరుసటి వారం వచ్చినవాళ్లు కరెంటు వైర్లు లాగేవారు, ఆ తర్వాతివాళ్లు రంగులు వేసేవారు. మొదలుపెట్టిన వాళ్లు ఇల్లు పూర్తయ్యేది చూడరు. ఏళ్ల తరబడి ఇట్లా సాగింది. అంత డబ్బున్న దేశంలో కూడా పేదల వాడలే చివరిదాకా ఖాళీగా మిగిలాయి అంటే, ఆశ్చర్యపోవాలో వద్దో మీరే చెప్పండి.

2009 అక్టోబరు

ఇక మన జిల్లా సంగతి. అప్పుడు మనది కూడా కర్నూలు జిల్లానే. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా అయింది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచాయి. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యాముకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ డ్యామును కట్టింది సుమారు 19 లక్షల క్యూసెక్కులకు.

మాలో కొందరం అప్పుడు డిగ్రీ చదువుతున్నాము. నంద్యాల నుంచి బయలుదేరిన ఒక చర్చి యువజన బృందంతో కలిసి తుంగభద్ర ఒడ్డు పల్లె ఒకదానికి వెళ్లాము. మాలో అందరం క్రైస్తవులం కాము. ఒకరి మెడలో ఆంజనేయస్వామి బిళ్ల ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. ఇల్లు కడదామని వెళ్లినవాళ్లం మొదటి వారమంతా బురద ఎత్తడమే. మోకాలి లోతు బురద, అందులో నానిన జొన్నలు, పిల్లల పుస్తకాలు, చచ్చిన కోళ్లు. పార కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. హాస్టల్లో నీళ్ల పప్పు అని గొణిగినవాళ్లమే అక్కడ ఆ పప్పుకే రెండోసారి పళ్లెం పట్టాము.

ఇళ్ల పని సంక్రాంతి తర్వాత మొదలైంది. అప్పుడు తెలిసింది మాకు, బృందంలో అందరికంటే విలువైన మనిషి డిగ్రీ చదివిన మేము కాదు, బేల్దారి అని. ఆయన గుండు వేసి చూసి గోడ వంకర ఉందంటే విప్పవలసిందే. మేము ఇటుకలు అందించాము, ఇసుక జల్లెడ పట్టాము, తట్టలు మోశాము. అన్నిటికంటే ముఖ్యంగా నీళ్లు కొట్టాము. సిమెంటు పనికి కనీసం వారం, పది రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టాలి. ఆ పనికి నైపుణ్యం అక్కరలేదు, ఓపిక కావాలి. సేవకుల అవసరం నిజంగా అక్కడే ఉంది. ఫొటో మాత్రం ఎవరూ తీయరు.

బొమ్మ ప్రకారం వంటగది ఒక మూల ఉంటే, ఆ ఇంటి పెద్దమ్మ ఒప్పుకోలేదు. గాలి అటు నుంచి వస్తుంది, పొగంతా ఇంట్లోకి కొడుతుంది అని ఆమె వాదన. బృంద నాయకుడు ఒక పూట పని ఆపి, ముగ్గు చెరిపి మళ్లీ పోయించాడు. పూట కూలి పోయిందని కొందరు సణిగారు. ఆ ఇంట్లో వండుకునేది ఆమె, పొగ పీల్చేదీ ఆమే. ఆమె మాట వినకుండా కట్టిన ఇల్లు ఎంత గట్టిదైనా గొడ్ల కొట్టమో, గడ్డివామి గదో అవుతుంది. అట్లా అయిన వరద ఇళ్లను మేము వేరే చోట చూశాము.

మన నేల, మన గోడ

మన వైపు పాత ఇళ్లు మట్టి మిద్దెలు. రాతి గోడకు మట్టే అతుకు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. ఎండకు చల్లగా ఉంటుంది, దానికి సాటి లేదు. కానీ నాలుగు రోజులు ఆగకుండా వాన పడితే పైమట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది, కింద గోడలో అతుకు మట్టి కరుగుతుంది. కూలేది సాధారణంగా వాన తగ్గాక, రాత్రిపూట. వాన వెలిసింది కదా అని వెంటనే మిద్దె కింద పడుకోవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే.

కుందూ పరివాహకమంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెరలు విచ్చుతుంది. ఆ నేల మీద పైపైన పునాది వేస్తే రెండేళ్లకే గోడలు చీలుతాయి. గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఇసుకతో నింపి, పునాది మీద, కిటికీల పైన చుట్టూ బెల్టు వేయాలి. అరుగు మొన్నటి వరద గుర్తు కంటే ఎత్తులో ఉండాలి. తీరంలోనైతే గాలి కోసం కప్పును గోడకు ఇనుప కొక్కేలతో బిగిస్తారు, వరండా కప్పును ఇంటి కప్పుతో కలపరు. గాలి వరండాను ఎత్తుకుపోయినా ఇల్లు మిగలాలని. మన దగ్గర బేతంచెర్ల బండలు, నాపరాళ్లు దొరుకుతాయి, నీళ్లకు చెడవు. చేతిలో ఉన్నది వదిలి దూరం నుంచి తెచ్చుకోవడం ఎందుకు?

జాబితాలో పేరు

ఇంతవరకు చెప్పింది చేతిపని. హాస్టల్ పిల్లలు బేల్దారి కంటే బాగా చేయగలిగే పని ఒకటుంది. అది రాత.

వరద తర్వాత ఇల్లు ఎవరికి వస్తుంది? జాబితాలో పేరున్నవాళ్లకు. జాబితా రాసేనాడు ఊళ్లో ఉన్నవాళ్లకు. అద్దెకుండే కుటుంబం పేరు రాదు, ఎందుకంటే ఇల్లు వాళ్లది కాదు. సుగ్గికి వలస పోయిన ఇంటికి తాళం ఉంటుంది, రాసేవాళ్లు ముందుకు పోతారు. ఒంటరి ఆడమనిషి పేరు కొడుకు రేషను కార్డులో కలిసిపోయి ఉంటుంది. కొండ దగ్గరి చెంచు గూడెంలో కాగితమే ఉండదు. ఉన్నవాళ్ల కాగితాలు వరదలో పోయి ఉంటాయి. ఆ పల్లెలో మేము సాయంత్రాలు దీపం దగ్గర కూర్చుని రాసిన అర్జీలు, పగలు మోసిన ఇటుకల కంటే ఎక్కువ పనికొచ్చాయని ఇప్పటికీ అనుకుంటాము.

కాబట్టి రేపు కుందూ పొంగినా, వక్కిలేరు పొంగినా, ఏ బృందంతో వెళ్లినా సంచిలో ఒక పొడుగు నోటుపుస్తకం, నాలుగు పెన్నులు, ఇంకు ప్యాడు పెట్టుకోండి. ఇంటింటికీ తిరిగి, తాళం వేసిన ఇంటి గురించి పక్కింట్లో అడిగి రాయండి. ఇంటి పట్టా ఆడవాళ్ల పేరు మీద ఉందో లేదో చూడండి. అర్జీ రెండు ప్రతులు రాసి, ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర పడిన ప్రతి ఇంటివాళ్ల చేతికివ్వండి, మీ దగ్గర పెట్టుకోవద్దు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలం పైన దాచుకోమనండి.