ఫుకువోకా గారి కమలా తోట నేర్పిన పాఠం

ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన మనలో చాలామంది ఫుకువోకా గారి ‘గడ్డిపరకతో విప్లవం’ చదివే ఉంటారు. దున్నొద్దు, రసాయనాలు వాడొద్దు అనే మాటలు మనకు బాగా గుర్తుంటాయి. ఆ మాటల వెనక ఆయన పోగొట్టుకున్న చెట్ల సంగతి మాత్రం మర్చిపోతాం.

ఆయన చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం. జపాన్‌లో యోకొహామా కస్టమ్స్‌లో మొక్కలు తనిఖీ చేసే ఉద్యోగం. 25 ఏళ్ల వయసులో అది వదిలేసి, తండ్రి గారి కమలా తోటలో కొమ్మ కత్తిరింపులు ఆపేశారు. ప్రకృతే చూసుకుంటుందని నమ్మకం. ఏమైంది? కొమ్మలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి, పురుగు పట్టింది, చెట్లు ఎండిపోయాయి.

ప్రకృతి వ్యవసాయం వేరు, గాలికొదిలెయ్యడం వేరని ఆయనకు అలా తెలిసొచ్చింది. మొదట్నుంచీ కత్తెర పడని చెట్టు తన ఆకారంలో తాను పెరుగుతుంది. ఏళ్ల తరబడి కత్తిరించిన చెట్టును మాత్రం మెల్లగా దారికి తెచ్చుకోవాలి.

అందుకే చదివింది చదివినట్టు తోటంతా ఒకేసారి మార్చెయ్యకండి. ముదురు మామిడి, బత్తాయి తోటైతే ముందు నాలుగు చెట్లతో మొదలుపెట్టండి. కొమ్మలు ఎటు పోతున్నాయి, లోపలికి ఎండ తగులుతోందా, పురుగు ఎక్కడ మొదలైంది అన్నది ఏడాది పాటు చూసి రాసుకోండి. ఆ చెట్లు బాగుంటేనే మిగతా తోటకు వెళ్లండి.

పుస్తకం చదవండి, వీడియో చూడండి. కానీ మీ నేలకు ఏది పనికొస్తుందో మీ చెట్టునే అడగండి.