కుట్టింది బంబుల్‌బీయేనా?

ప్రశ్న: నిన్న పెరట్లో మా ఆరేళ్ల బాబును పసుపు, నలుపు రంగుల పురుగు కుట్టింది. చెయ్యి వాచింది. ఆడుకుంటున్నాడు, తింటున్నాడు. ఇంటర్నెట్‌లో ప్రాణాపాయమని ఉంది. గత చలికాలం గొంతునొప్పికి రాసిన యాంటీబయాటిక్ సిరప్ మిగిలితే వేస్తున్నాం. ఫొటోలోది ఏ జాతి? - ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలో విరివిగా కనిపించే బంబుల్‌బీ, బాంబస్ ఇంపేషియన్స్. ఛాతీ నిండా లేత పసుపు నూగు, దాని నడుమ నూగులేని చిన్న నల్లమచ్చ, పొట్ట మీద మొదటి పట్టీ మాత్రమే పసుపు, మిగతాదంతా నలుపు: ఇవే దీని గుర్తులు. రెండో పట్టీ మీద గోధుమరంగు కనిపిస్తే అది బాంబస్ గ్రిసియోకోలిస్. పొట్ట నున్నగా, నల్లగా మెరుస్తుంటే కలప తొలిచే తుమ్మెద.

ఏది కుట్టినా చికిత్స ఒకటే. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. తేనెటీగలా బంబుల్‌బీ కొండిని చర్మంలో వదలదు కాబట్టి గిల్లి వెతకకూడదు. వాపు రెండు రోజుల దాకా పెరగవచ్చు. అది విషానికి ఒళ్లు స్పందించే తీరే తప్ప చీము పట్టడం కాదు. అక్కడ యాంటీబయాటిక్‌కు చేసే పనే లేదు. పైగా నీళ్లు కలిపిన ఆ సిరప్ సాధారణంగా రెండు వారాలకు మించి నిలవ ఉండదు. నెలల నాటి సీసాలోది పిల్లవాడికి పట్టడం వైద్యం కాదు, ప్రమాదం. వెంటనే ఆపాలి. మూడో రోజు తర్వాత ఎరుపు పాకి జ్వరం వస్తే డాక్టరు చూసి మందు రాయాలి.

ఇంటర్నెట్ చెప్పే ప్రాణాపాయం తీవ్రమైన అలర్జీది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం ఎక్కువగా గంటలోపే మొదలవుతాయి. అప్పుడు అడ్రినలిన్ ఇంజెక్షన్, 911కు ఫోన్ తప్పనిసరి. మర్నాడు కూడా ఆడుతూ తింటున్న బాబుకు ఆ గండం గడిచినట్టే. తల్లి నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ప్రశ్న: ముఖం మీద తెల్లమచ్చ ఉన్న తుమ్మెద మీదమీదకు వస్తోంది. కుడుతుందా? - ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: కుట్టదు. అది మగది, దానికి కొండి లేదు.

ప్రశ్న: మా మునగచెట్టు మీద వాలేది బంబుల్‌బీయేనా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదు. మన దేశంలో బంబుల్‌బీలు ప్రధానంగా హిమాలయ ప్రాంతాలవి. మునగపూల మీద వాలే పెద్ద నల్లటిది తుమ్మెద. దాన్ని పట్టుకోకపోతే చాలు, కుట్టదు.