బేస్‌బాల్ వీడియోగేమ్‌లో బొటనవేలి గురి

బేస్‌బాల్‌లో బంతి విసిరే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకను లోపే దాన్ని దాటేస్తుంది. ‘ఎంఎల్‌బీ ది షో’ వంటి వీడియోగేమ్‌లలో ఆ హడావుడి అంతా బొటనవేలిదే. అనలాగ్ స్టిక్‌ను కదిపి, తెరపై గురి చూపే గుర్తును బంతి వచ్చే చోటికి చేర్చాలి. కంగారులో గుర్తు ఆ చోటు దాటిపోతుంటుంది.

చాలా కంట్రోలర్లలో స్టిక్ అడుగున ఉండే పొటెన్షియోమీటర్లు వంపును వోల్టేజిగా మారుస్తాయి. వాటికి తెలిసేది వంపు కోణమే, వేలు జరిగిన దూరం కాదు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఇరుసు నుంచి స్టిక్ ఎత్తు 20 మిల్లీమీటర్లు అనుకుంటే, 20 డిగ్రీల వంపుకు వేలు సుమారు 7 మిల్లీమీటర్లు కదలాలి. స్టిక్‌పై 10 మిల్లీమీటర్ల ఎత్తున్న తొడుగు బిగిస్తే అదే వంపుకు 10.5 మిల్లీమీటర్లు కావాలి. వేలి తడబాటు మునుపటంతే ఉన్నా, గుర్తు తప్పే దూరం మూడింట ఒక వంతు తగ్గుతుంది. కాకపోతే స్టిక్‌ను చివరిదాకా వంచడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

తొడుగు కొనకముందే చూడాల్సింది డెడ్ జోన్. అంటే స్టిక్ నడిమధ్యన చిన్న కదలికలను గేమ్ పట్టించుకోని మేర. అది పెద్దదైతే సన్నని సవరణలు గేమ్‌కు చేరవు. సెట్టింగుల్లో ఆ వీలుంటే దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి. వేలు పెట్టకుండానే గుర్తు కదిలితే ఒక మెట్టు పెంచి ఆపాలి.