బండెనక బండి: ఒక పాట ఎట్లా పుట్టింది, ఎంత దూరం పోయింది

క్లాసిక్ రాక్ గురించి మాట్లాడితే మనం బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ దగ్గరికే పోతాం. నేనూ అంతే. ఇంగ్లిష్ మీడియంలో చదివినోళ్ల ప్లేలిస్ట్ ఇట్లనే ఉంటది. కానీ ఈ సంచికకి నేను ఎంచుకున్నది 'బండెనక బండి కట్టి'. దానికి దారి మాత్రం ఒక బీటిల్స్ పాట నుంచే దొరికింది.

'టుమారో నెవర్ నోస్' రికార్డింగ్ 1966 ఏప్రిల్ 6న లండన్‌లో మొదలైంది. పాట దాదాపు మొత్తం ఒకే శ్రుతి మీద నిలబడుతుంది. వెనక మన తంబురా మోగుతుంటుంది. టేపు ముక్కల్ని లూపులుగా అతికించి తిప్పారు, లెనన్ గొంతుని గిరగిరా తిరిగే స్పీకర్ గుండా పంపారు. పాట ఎటూ పోదు, ఒక్కచోటే తిరుగుతూ మనల్ని లోపలికి లాగుతుంది. ఈ తిరగడాన్ని ఒకసారి పట్టుకుంటే మన పాటలో అది ఇంకా బాగా వినిపిస్తుంది. మన పాటకి స్టూడియో కూడా అక్కర్లేదు.

ఈ పాట కట్టింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో. అంటే 1946 నుంచి 1951 దాకా నడిచిన రోజులు. (దాశరథిని మన నిజామాబాద్ ఖిల్లా జైల్లో పెట్టిందీ, ఆయన గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిందీ ఆ రోజుల్లోనే.) పాటలో ఉన్నది ఒకే ప్రశ్న: ఇన్ని బండ్లు వరసగా కట్టుకున్నవ్ కదా, ఏ బండిలో పోతవ్? ప్రతి చరణం ఒక కొత్త నేరం మోపి మళ్లీ నైజాం సర్కార్‌ని తలుచుకునే చోటికే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫర్ లూప్. లోపల వేరియబుల్ మారుతుంది, బయటి లైన్ మారదు. దీనివల్ల పెద్ద లాభం ఉంది. ముందు ఒకరు పాడితే, గుంపులో ఉన్నవాడు రెండో రౌండ్‌కే వంత అందుకోగలడు. అక్షరం రాకపోయినా సరే, రాత్రిపూట కాగితం లేకపోయినా సరే. పోలీసులు సోదా చేసినా దొరకడానికి పుస్తకం ఉండదు.

ఇంకోటి, పిలుపు. గజం బిరుదులున్న ప్రభువుని పట్టుకుని ఈ పాట 'నువ్వు' అంటుంది, 'కొడకా' అంటుంది. దొర ముందు చెప్పులేసుకుని నడవడానికే భయపడిన ఊళ్లలో అట్లా గొంతెత్తి అనడమే సగం తిరుగుబాటు అని నాకనిపిస్తుంది. గోల్కొండ కోట కిందనే నీ గోరీ కడతామని కూడా పాట బెదిరిస్తుంది. చరిత్ర అట్ల జరగలేదు. 1948 సెప్టెంబర్ 17 తర్వాత కూడా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్‌లోనే ఉన్నాడు, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా పనిచేశాడు. 1967లో చనిపోతే కింగ్ కోఠి దగ్గర జూదీ మసీదులో సమాధి చేశారు.

బోధన్ వైపు వాళ్లకి ఈ పాట ఇంకో రకంగా తగులుతుంది. 'బండి వెనక బండి' అంటే మా తాతకి గుర్తొచ్చేది చెరుకు బండ్లు. సీజన్ వస్తే శక్కర్‌నగర్ కాంటా దగ్గర లైన్ కట్టి, ఎద్దులు విప్పి, బండి కిందనే పండుకునేవాళ్లంట. ఆ ఫ్యాక్టరీ పెట్టింది కూడా నైజాం సర్కారే, 1937లో. ఒకే ప్రభుత్వం మీద ఒక జిల్లాలో గోరీ పాట, ఇంకో జిల్లాలో నాలుగు తరాల జీతం. రెండూ నిజమే. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక బండ్లూ లేవు, ట్రాక్టర్లూ లేవు. నైజాముని తిట్టే ఈ పాట వింటూనే "వాడు పెట్టింది మనం నిలుపుకోలేకపోతిమి" అని మా తాత అంటుంటాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక పాట మనదాకా వచ్చింది సినిమా వల్ల. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీశాడు, 1979లో. డైరెక్టర్ బెంగాలీ, అదే ఆయన మొదటి కథాచిత్రం. నిర్మాతల్లో ఒకరైన బి. నరసింగరావుకి పాత పరిచయం ఉన్న గాయకుడు తెర మీదకొచ్చి ఈ పాట పాడాడు. ఆయనే గద్దర్, అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. అప్పటికి కెనరా బ్యాంక్ ఉద్యోగి. ఇంజినీరింగ్ చేరి మధ్యలో వదిలేసిన మనిషి కూడా (మన పేరెంట్స్‌కి ఈ పేరా చూపించకండి). భుజాన గొంగడి, చేతిలో కర్ర. గొంతు సాఫ్‌గా ఉండదు, 'రో' దగ్గర సాగదీసి వదిలేస్తాడు. ముప్పై ఏళ్ల కిందటి పాట ఆ కొద్ది నిమిషాల్లో కొత్తదైపోయింది.

తర్వాత తెలంగాణ ఉద్యమ సభల్లో ఇది వినపడని చోటు లేదు. నైజాం సర్కారు అన్న చోట ఎదుట ఉన్న సర్కారు తనంతట తానే కూర్చుంది. గద్దర్ 2023 ఆగస్టు 6న చనిపోయాడు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వమే ఆయన పేరుతో సినిమా అవార్డులు ఇస్తోంది. బండి యాదగిరి పేరు మాత్రం మా క్లాసులో అడిగితే ఎవరూ చెప్పలేదు. పాట గద్దరే రాశాడని అందరి నమ్మకం.

నోటి పాట కాబట్టి చరణాలు ఊరికో తీరుగా ఉంటాయి. మీ ఇంట్ల పెద్దోళ్లకి సినిమాలో లేని చరణం వస్తే, ఫోన్‌లో రికార్డ్ చేసి, ఏ ఊర్ల నేర్చుకున్నారో రాసి క్లబ్‌కి పంపండి.